మక్ యా కాలు కడిగిన పురుగులు

కాలు తీసేయాలని చెబితే ఏడ్చేవాళ్ళను, కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళను డాక్టర్ చోంగ్ చాలామందిని చూశాడు. తిరగబడి జవాబు చెప్పిన మనిషిని మాత్రం ఆ రోజే చూశాడు.

"మోకాలి కిందంతా తీసేస్తారా? మరి నేను పొయ్యి దగ్గర దేని మీద నిలబడాలి డాక్టర్? మీ కాలేమైనా అరువిస్తారా?" అంది మక్ యా.

కూతురు నోరిజాన్ తల్లి మోచేతిని గిల్లింది. గిల్లితే ఆగే నోరా అది? ఆవిడ అసలు పేరు రోగయా. కౌలా త్రెంగాను పట్నంలో, నది ఒడ్డున లొసోంగ్ పేటలో ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. పెద్దా చిన్నా అందరికీ ఆవిడ మక్ యానే, అంటే యా అమ్మే. చేపను నూరి, సగ్గుపిండి కలిపి, పొడుగ్గా చుట్టి, గంగాళంలో ఉడకబెట్టి అమ్మే కెరొపొక్ కొట్టు ఆవిడది. పొద్దున పొయ్యి అంటించింది మొదలు సరుకు అయిపోయేదాకా నిలబడి చేయాల్సిన పని. కూర్చుని చేసే పనులంటే ఆవిడకు మొదటినుంచీ చిన్నచూపు.

షుగరు వల్ల అరికాలికి స్పర్శ పోయి చాలా కాలమైంది. ఎప్పుడో ఒక చేపముల్లు దిగితే ఆవిడకు తెలియనే లేదు. పుండు పడింది, కుళ్ళింది, వాసన కూడా మొదలైంది. మక్ యా అది చేపల గంప వాసన అనుకుంది. గంపను బూడిదతో తోమింది, ఎండబెట్టింది, చివరికి గంపనే పారేసి కొత్తది కొంది. పొద్దస్తమానం చేపల మధ్య బతికేవాళ్ళకు తప్ప ఇంకొకరికి అలాంటి పొరపాటు సాధ్యం కాదు. ఒక రోజు భోజనాల దగ్గర చాప మీద తల్లి పక్కన కూర్చున్న నోరిజాన్ ముక్కు మూసుకుని, "అమ్మా, వాసన గంపది కాదే, నీ కాలిది" అనేదాకా సంగతి బయటపడలేదు.

ఆసుపత్రిలో రకరకాల మందులు ఎక్కించారు. పుండు లొంగలేదు. దానిలోని క్రిములు ఆ మందులన్నిటికీ రాటుదేలిపోయాయన్నారు. కుళ్ళు అరికాలు దాటి చీలమండ వైపు పాకుతోంది. అందుకే డాక్టర్ చోంగ్ కత్తి మాట ఎత్తాడు.

మక్ యా నోటితో ఎంత ఎగిరినా చేతులు మాత్రం ఒళ్ళోని సంచి తాడును మెలిపెడుతున్నాయి. ఆవిడ భర్త దెరమాన్‌ది కూడా ఇదే జబ్బు. ముందు బొటనవేలు తీసి, ఇక భయం లేదన్నారు. తర్వాత సగం పాదం తీశారు. ఆ తర్వాత మోకాలి దాకా తీశారు. చివరికి మనిషే లేకుండా పోయాడు. కత్తి ఒకసారి మొదలుపెడితే ఆగదన్న భయం ఆవిడ గుండెలో అప్పుడే దిగబడిపోయింది. కాలు పోతే తను కూడా పోయినట్టే అనుకుంది.

"సార్, నాకొక అవకాశం ఇవ్వండి. పురుగులతో ప్రయత్నిస్తాను" అంది పక్కనే ఉన్న డాక్టర్ హస్లిందా. గాయాల విభాగం ఆ అమ్మాయిదే. వయసులో నోరిజాన్ కంటే చిన్నది, పెద్దావిడలందరినీ మక్చిక్, అంటే పిన్నీ, అని పిలుస్తుంది.

"ఏం పురుగులు?" అంది మక్ యా.

"ఈగ పిల్లలు మక్చిక్. శుభ్రమైన చోట పెంచి, సీసాలో పెట్టి పంపిస్తారు. చచ్చిన మాంసాన్నే తింటాయి, బతికిన మాంసం జోలికి రావు. తింటూ తింటూ క్రిముల్ని కూడా చంపుతాయి."

డాక్టర్ చోంగ్ తలూపాడు. "ప్రయత్నించండి. కానీ కుళ్ళు చీలమండ దాటిందంటే నేను ఆగను. ఆవిడ ప్రాణం నాకు ముఖ్యం."

కత్తి కంటే పురుగులే నయమనిపించింది మక్ యాకు. సరే అంది.

మొదటి సీసా వచ్చింది. పురుగులు అన్నం మెతుకులో పావు వంతు కూడా లేవు. వాటిని పుండులో వదిలి, పైన సన్నటి వల పరిచి, దాని మీద పల్చటి గుడ్డ చుట్టారు. "వీటికి గాలి కావాలి మక్చిక్. కట్టు తడవకూడదు. అంతే, మిగతా పని అవే చూసుకుంటాయి" అని చెప్పి హస్లిందా ఇంటికి పంపింది.

ఆ కబురు వినగానే ఆడపడుచు ఎసా గొడుగు వేసుకుని మరీ వచ్చేసింది. కాలి వంక చూసి గోడకు అంటుకుపోయింది. "పురుగులు పడి పోతావని పగవాళ్ళను తిడతామే గానీ, ఇదేం చోద్యమే యా! సీసాడు తెప్పించుకుని మరీ పోయించుకున్నావా?"

"అవునొదినా. నీకూ ఒక సీసా చెప్పమంటావా? నాలిక మీద వేయించుకుందువు గాని" అంది మక్ యా. పైకి అలా అంది గానీ ఆవిడకూ లోపల కంపరంగానే ఉంది.

అసలు చిక్కు మధ్యాహ్నం నమాజు వేళకు వచ్చింది. నమాజుకు ముందు వజూ చేయాలి, వజూలో కాళ్ళు కడుక్కోవాలి. గాయానికి కట్టు ఉంటే దాని మీద తడిచెయ్యి తుడిస్తే చాలు. ఆ సంగతి మక్ యాకు తెలియక కాదు, మనవలకు నేర్పిందే తను. కానీ అది మామూలు కట్టు సంగతి అనిపించింది. ఈ కట్టు కింద పురుగులు మెసులుతున్నాయి. ఇంట్లో బియ్యంలో పురుగు కనిపిస్తేనే చేటెడు బియ్యం పారబోసే మనిషి, ఒంటి మీద పురుగుల్ని పెట్టుకుని అల్లా ఎదుట ఎలా నిలబడుతుంది? నిలబడలేకపోయింది. స్నానాల గదిలోకి కుంటుకుంటూ వెళ్ళి, తలుపు గడియ పెట్టి, తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు ముంచి కట్టు మీద పోసేసింది. సాయంత్రమూ పోసింది. మర్నాడూ ఏ పూటా మానలేదు. పురుగుల్ని చంపాలని కాదు, అసలు వాటి గురించి ఆలోచించనే లేదు. కాలు కడుక్కుంది, అంతే.

కట్టు విప్పే రోజు వచ్చింది. నర్సు గుడ్డ తీస్తూ మొహం చిట్లించింది. "ఇంత తడిగా ఉందేమిటి మక్చిక్?"

"చెమట."

"కాలికి ఇంత చెమటా?"

"నా పొయ్యి దగ్గర ఒక్క పూట నిలబడు, నీకే తెలుస్తుంది."

వల తీశారు. ఒక్క పురుగు కూడా కదల్లేదు. అన్నీ తెల్లగా చచ్చి పడి ఉన్నాయి. పుండు ఎక్కడి కుళ్ళు అక్కడే ఉంది. అంతకంటే ఘోరం, చీలమండ దగ్గర వాపు మొదలైంది. డాక్టర్ చోంగ్ వేలితో నొక్కి చూసి, "సోమవారం పొద్దున. ఇక ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు. ఆ మనిషి గొంతులో కోపం లేదు, విసుగు కూడా లేదు. 

హస్లిందా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి. "నన్ను క్షమించండి మక్చిక్. దారిలో ఎండకు సీసా వేడెక్కి ఉంటుంది. లేదంటే ఆ విడతే మంచిది కాదేమో. నేను ముందే చూసుకోవాల్సింది. తప్పు నాదే."

మక్ యా నిజం చెప్పకుండానే ఇంటికి వచ్చేసింది. ముద్ద దిగలేదు. కాలు పోతుందన్న భయం ఒకవైపు, తను చేసిన పనికి ఆ పసిపిల్ల క్షమాపణ అడిగిందన్న సిగ్గు ఇంకోవైపు. మర్నాడు పొద్దున్నే, "పద, ఆసుపత్రికి పోదాం" అంది కూతురితో.

"సోమవారం కదమ్మా రమ్మన్నది?"

"నోరు మూసుకుని బండి తియ్యి."

హస్లిందా తన గది పక్కనున్న చిన్న ప్రయోగశాలలో ఉంది. వీళ్ళను చూసి ఆశ్చర్యపోయింది. మక్ యా ఏదో చెప్పబోయేలోపు, "మంచి సమయానికి వచ్చారు మక్చిక్, ఇది చూడండి. నాకే అర్థం కావడం లేదు" అంటూ ఒక గాజు పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టింది. పళ్ళెం నిండా పల్చటి మీగడలా తెల్లటి పొర. సరిగ్గా మధ్యలో మాత్రం గుండ్రంగా, అద్దంలా శుభ్రంగా ఉంది.

"ఇదేమిటి?"

"ఆ తెల్లదంతా మీ పుండులోని క్రిములే. నిన్న పొద్దున తీసి ఇందులో పెంచాను."

మక్ యా పళ్ళేన్ని కాస్త దూరంగా పట్టుకుంది. "మరి ఈ మధ్యలో ఎవరు తుడిచారు?"

"ఎవరూ తుడవలేదు. మీకు పెట్టాక కొన్ని పురుగులు సీసాలో మిగిలాయి కదా, వాటి ఉమ్మి తీసి ఒక్క చుక్క అక్కడ వేశాను. తెల్లారేసరికి ఆ చుట్టుపక్కల ఒక్క క్రిమి మిగల్లేదు. అంటే పురుగులు మంచివే. ఉమ్మీ మంచిదే. మరి మీ కాలి మీద ఎందుకు చచ్చాయో తెలీడం లేదు."

"ఉమ్మిలో ఏముంది అంతగా?"

"చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు మక్చిక్. పెప్టైడ్లు అంటాం. క్రిమికి చుట్టూ పొర ఉంటుంది. ఇవి వెళ్ళి దాన్ని పట్టుకుని చిల్లులు పొడుస్తాయి. క్రిమి లోపలిదంతా బయటికి కారిపోయి చస్తుంది. నిజానికి మన చర్మం కూడా ఇలాంటివి చేసుకుంటుంది. గాయం తగలగానే క్రిముల్ని చంపేవీ, కొత్త చర్మాన్ని తొందరగా రమ్మని పిలిచేవీ అవే. షుగరు ముదిరితే చర్మం వాటిని సరిగ్గా చేసుకోలేదు."

మక్ యా పళ్ళేన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. "అంటే నా ఇంటి పనివాళ్ళు చేతులెత్తేస్తే, నువ్వు పక్కూరినుంచి కూలీలను దింపావన్నమాట."

"సరిగ్గా అంతే!"

"ఆ కూలీలను నేనే చంపేశాను డాక్టరమ్మా."

హస్లిందా అర్థం కానట్టు చూసింది. మక్ యా చెప్పేసింది. చెంబు సంగతి, గడియ సంగతి, చెమట అని అబద్ధమాడిన సంగతి, ఏదీ దాచలేదు. నోరిజాన్ నెత్తిన చేతులు పెట్టుకుని అక్కడే కూలబడింది. హస్లిందా మొహం ఎర్రబడింది.

"ఎంత పని చేశారు మక్చిక్! రాత్రంతా నాకు నిద్ర లేదు. కట్టు మీద తడిచెయ్యి తుడిస్తే చాలని మీకెవరూ చెప్పలేదా? నన్నైనా అడగొచ్చు కదా!"

"చెప్పకేం? నాకు తెలుసు. తెలిసినా మనసొప్పలేదు. పురుగుల కాలితో దేవుడి ముందుకు పోవడమా అనిపించింది." మక్ యా చేతిలో పళ్ళెం ఇంకా అలాగే ఉంది. ఆ గుండ్రటి చోటునుంచి ఆవిడ చూపు మళ్ళడం లేదు. ఎన్ని చెంబులు పోసినా తన కాలు అంత శుభ్రం కాలేదు. ఒక్క చుక్క ఉమ్మి చేసింది ఆ పని. మురికి అనుకున్నది కడుగుతోంది, కడుగుతున్నానని తను అనుకున్నది కుళ్ళబెట్టింది. ఆవిడకు ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఇంకో సీసా ఉందా?" అంది.

"ఈ పొద్దునే వచ్చింది. వేరే రోగి కోసం తెప్పించాను, ఆయనకింకా వారం టైముంది. కానీ సోమవారం లోపు..."

"పెట్టు తల్లీ. ఈసారి నా కాలు అవే కడుగుతాయి. నేను చెంబు ముట్టను."

ఆ రెండు రోజులూ మక్ యాకు తల ప్రాణం తోకకొచ్చింది. పాదం అంచున జిల మొదలైంది, తర్వాత సూదులు గుచ్చినట్టు పోటు. మొద్దుబారిన కాలు పోటు పెడుతోందంటే ఎక్కడో ప్రాణం ఉన్నట్టే కదా అని పళ్ళు బిగబట్టింది. నమాజు వేళకు కుర్చీలో కూర్చుని, ముఖం చేతులు కడుక్కుని, తడిచెయ్యి కట్టు మీదుగా మెల్లగా పోనిచ్చింది.   "మీ పని మీరు కానివ్వండి, నా పని నేను చూసుకుంటాను" అని పురుగులతోనే చెప్పి నమాజు మొదలుపెట్టింది.

ఆదివారం కట్టులోంచి నల్లటి రసం కారడం మొదలైంది. కారుతుందని హస్లిందా ముందే చెప్పింది. ఎసాకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ చేప జావ గిన్నెతో వచ్చి, కాలు చూసి కెవ్వుమంది.

"ఓసి నా తల్లో! కాలు కరిగిపోతోందే! కడిగెయ్యవే, ఉండు, నీళ్ళు తెస్తాను." జావ గిన్నె కింద పెట్టి స్నానాల గదిలోకి పరుగెత్తి, చెంబు నిండా నీళ్ళతో వచ్చేసింది.

మక్ యా పక్కనున్న గరిటె అందుకుంది. "ఒదినా, ఆ చెంబు అక్కడే దించు."

"నా తమ్ముడు ఇలాగే..."

"నీ తమ్ముడికి ఇవి దొరకలేదు. దొరికితే ఇవాళ ఇక్కడ కూర్చుని నీ జావ తాగుతుండేవాడు. ఇంకో అడుగు వేశావంటే ఆడపడుచువని కూడా చూడను, నీ నెత్తి మీద పడుతుంది ఈ గరిటె."

ఎసా ఆగిపోయింది. తమ్ముడి మాట రాగానే ఆవిడ మొహం ముడుచుకుపోయింది. చెంబు కింద పెట్టి, మక్ యా పక్కన కూలబడి కళ్ళొత్తుకుంది.  ఇద్దరూ ఏడ్చుకుని, ఆ తర్వాత ఒకే గిన్నెలో జావ తాగారు.

సోమవారం పొద్దున ఆపరేషన్ గది సిద్ధంగా ఉంది. నర్సు కాగితాలు పట్టుకుని అడిగింది. "నిన్న రాత్రినుంచీ ఏమీ తినలేదు కదా మక్చిక్?"

"ఎందుకు తినలేదు? ఇప్పుడే కొబ్బరన్నం, చేపకూర తిని వచ్చాను."

నర్సు అదిరిపడింది. "ఉపవాసంతో రమ్మన్నాం కదా!"

"కోయించుకునేవాళ్ళు ఉండాలి ఉపవాసం. నేనెందుకుంటాను?"

"ఎంత చెప్పినా వినలేదు, షుగరు మాత్ర వేసుకుని మరీ తింది" అంది నోరిజాన్ దీనంగా.

ఆ మాటలు విని డాక్టర్ చోంగ్ నవ్వు ఆపుకుంటూ గదిలోకి వచ్చాడు. హస్లిందా చేతి తొడుగులు వేసుకుంది.  కట్టు విప్పింది. వల ఎత్తింది. పురుగులు కొబ్బరన్నం మెతుకుల్లా బలిసి, లుకలుకలాడుతున్నాయి. వాటిని మందు నీళ్ళతో కడిగి గిన్నెలోకి దించింది. కింద నల్లటి కుళ్ళు లేదు. వాసన లేదు. చీలమండ దగ్గర వాపు తీసింది. పుండు అడుగున దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి మాంసం నిగనిగలాడుతోంది.

డాక్టర్ చోంగ్ కళ్ళద్దాలు తుడుచుకుని వంగాడు. మెల్లగా ఒకచోట ఒత్తాడు. ఎర్రటి రక్తపు బొట్టు పైకి వచ్చింది.

"అయ్యో రక్తం!" అంది నోరిజాన్.

"రక్తం రావాలమ్మా. వచ్చిందంటే కాలు బతికినట్టే" అన్నాడాయన. నిటారుగా నిలబడి, ఫోను తీసి, "పొద్దుటి మొదటి ఆపరేషన్ రద్దు" అని చెప్పాడు. తర్వాత మక్ యా వైపు తిరిగి, "మీరు గెలిచారు" అన్నాడు.

"నేను కాదు డాక్టర్" అంది మక్ యా గిన్నె వైపు చూస్తూ. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. హస్లిందాను దగ్గరికి లాక్కుని, తలను గుండెకు హత్తుకుని, "నా బంగారు తల్లి, నీ కడుపు చల్లగా" అంటూ బిగ్గరగా ఏడ్చేసింది. పక్క గదుల్లోని రోగులు ఎవరో పోయారనుకుని తొంగి చూశారు.

ఆ తర్వాత ఇంకా కొన్ని సీసాలు వచ్చాయి. పుండు అంచులనుంచి కొత్త చర్మం కొద్దికొద్దిగా లోపలికి పాకింది. ఈదురుగాలుల కాలం వచ్చి వెళ్ళేసరికి పుండు పూర్తిగా మూసుకుంది. మక్ యా మెత్తటి బూట్లు వేసుకుని, రెండు కాళ్ళ మీదా గంగాళం ముందు నిలబడింది. మొదటి రోజు చుట్టిన కెరొపొక్‌ను పేటంతా ఊరికే పంచిపెట్టింది. ఏనుగెక్కినంత సంబరపడింది.

ఒక సాయంత్రం కొట్టు ముందు కారాగింది. డాక్టర్ చోంగ్ దిగాడు. వెనకాలే చేతికర్ర సాయంతో ఒక పెద్దాయన, ఆయన కూతురు దిగారు. పెద్దాయన కాలికి కట్టు ఉంది. మక్ యా గుర్తుపట్టింది. పేటలో సగం మందికి చదువు చెప్పిన పంతులుగారు, అందరూ చిక్‌గు అని పిలిచే జొహారి, మసీదులో నమాజుకు పిలుపుగా బాంగు ఇచ్చే మనిషి.

"కాలు తీయాలంటే వద్దంటారు, పురుగులంటే అస్సలు వద్దంటారు. మీ కాలు ఒకసారి చూపిస్తారేమోనని తీసుకొచ్చాను" అన్నాడు డాక్టర్.

మక్ యా బూటు విప్పి, కాలు పీట మీద పెట్టింది. చిక్‌గు వంగి చాలాసేపు చూశాడు. డాక్టరూ, కూతురూ వేడి వేడి కెరొపొక్ కోసం గంగాళం దగ్గరికి జరిగాక, ఆయన గొంతు తగ్గించాడు.

"మక్ యా, ఒక్క మాట. ఆసుపత్రిలో ఎవరినీ అడగలేకపోయాను. అవి కాలి మీద ఉండగా... నమాజు ఎలా?"

మక్ యా ఆయన ముఖంలోకి చూసింది. గడియ పెట్టిన స్నానాల గదిలో తను ఎంత ఒంటరిగా ఉందో ఆవిడకు గుర్తొచ్చింది. ఈసారి గొంతు తగ్గించలేదు, ఏదీ దాచలేదు.

"మొదటి సీసాడూ నేను నీళ్ళు పోసి చంపేశాను చిక్‌గు. కాలు పోగొట్టుకోబోయాను. కట్టు మీద తడిచెయ్యి తుడిస్తే చాలని మీరే కదా బళ్ళో చెప్పింది! మీరూ నాలాగే మనసొప్పక ఆగిపోయారు. నా మాట వినండి. ఆ కట్టు కింద జరిగేది కూడా కడగడమే. మనకంటే బాగా కడుగుతాయి అవి."

చిక్‌గు ఇంకాస్త ముందుకు వంగాడు. ఇంకోసారి ఆ కాలి వంక చూశాడు. మక్ యాను అనుమతి అడిగినట్టు తలూపి, వేలితో కొత్త చర్మాన్ని చూపిస్తూ, "ఇదంతా కొత్తగా వచ్చిందేనా?" అన్నాడు.

"అంతా కొత్తదే."

ఆయన చేతికర్ర ఊతంగా లేచి, గంగాళం వైపు తిరిగి కేకేశాడు. "డాక్టర్, ఆ సీసా ఎప్పటికొస్తుంది?"